సివిల్ డిప్లొమాతో సొంతంగా ఇళ్ల ప్లాన్ల ఆఫీసు పెట్టాలంటే ఏమేం రావాలి?

డిప్లొమా అయ్యాక రెండేళ్లుగా ఒకరి దగ్గర ఆటోక్యాడ్ (కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) పని చేస్తున్నానని, సొంత ఆఫీసు పెట్టే ముందు డ్రాయింగ్‌లో, వ్యాపారంలో ఏం నేర్చుకోవాలని అడిగారు. నేనూ ఆ దారిలోనే వచ్చాను. పన్నెండేళ్లుగా ఖమ్మంలో ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాను.

ఆటోక్యాడ్ వచ్చినంత మాత్రాన డ్రాయింగ్ వచ్చినట్టు కాదు. ఇంటిని నేల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తులో అడ్డంగా కోసి, పై భాగం తీసేసి, కిందికి చూస్తే కనిపించేదే ప్లాన్. అందుకే కోతపడిన గోడలకు మందపు గీతలు, కింద కనిపించే మెట్లకు, గట్లకు సన్న గీతలు, పైన ఉండే బీములకు తెగిన గీతలు వేస్తాం. ఇంటిని నిలువుగా కోస్తే సెక్షన్. ప్లాన్ ఎంత అందంగా ఉన్నా సెక్షన్ గీయనిదే ఆ ఇల్లు మనకు అర్థం కాదు. ఇది నేను నష్టపోయి తెలుసుకున్నాను.

సొంతంగా చేసిన మొదటి ఇంటికి మెట్ల గది పొడవు 9 అడుగులు ఇచ్చాను. ప్లాన్‌లో 16 మెట్లు చక్కగా సరిపోయాయి. సెక్షన్ గీయలేదు. గోడలు లేచాక మేస్త్రి ఫోన్ చేసి, "సార్, ఒక్కో మెట్టు ఎత్తు ఏడున్నర అంగుళాలు వస్తోంది. ఇంట్లో పెద్దామె ఎక్కగలదా?" అన్నాడు. అంతస్తు ఎత్తు 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. దాన్ని 16తో భాగిస్తే ఏడున్నరే. 6 అంగుళాల మెట్టు కావాలంటే 20 మెట్లు పడతాయి. వాటిని పదేసి చొప్పున రెండు వరుసలుగా వేస్తే, పదో మెట్టు ల్యాండింగ్ (మలుపు దగ్గరి చదును) మీదికో, పై అంతస్తు మీదికో చేరుతుంది కాబట్టి వరుసకు 9 ట్రెడ్‌లు (కాలు పెట్టే చోట్లు) వస్తాయి. 10 అంగుళాల ట్రెడ్‌తో, 3 అడుగుల ల్యాండింగ్‌తో పదిన్నర అడుగుల పొడవు కావాలి. ఆ సాయంత్రమే ఇంటాయన దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. పక్కనున్న స్టోర్ రూమ్ గోడ పడగొట్టి అడుగున్నర జరిపించాం. ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను. తర్వాత ఆయన తమ్ముడి ఇల్లు కూడా నాకే ఇచ్చారు.

కొలతల సంగతి కూడా ఇలాంటిదే. కట్టడం బయటి వెడల్పు 30 అడుగులైతే, రెండు పక్కలా 9 అంగుళాల గోడలు పోగా లోపల మిగిలేది ఇరవై ఎనిమిదిన్నరే. మధ్యలో నాలుగున్నర అంగుళాల గోడ వస్తే అది కూడా తీసేయాలి. 1:100 స్కేలులో కాగితం మీద ఒక సెంటీమీటరంటే నేల మీద ఒక మీటరు. కానీ జెరాక్స్ తీస్తే స్కేలు మారిపోవచ్చు. అందుకే ప్రతి కొలతా అంకెల్లో రాయండి. మీరు అంకె వేయని చోట మేస్త్రి తన లెక్కతో ముగ్గు పోస్తాడు.

ఇక వ్యాపారం. అన్నిటికంటే ముందు వినడం రావాలి. "మూడు బెడ్‌రూములు కావాలి" అని ఇంటాయన చెబుతాడు. వంట ఎవరు చేస్తారు, బట్టలు ఎక్కడ ఆరేస్తారు, పండగకి ఎంతమంది వస్తారు అనేవి ఇంట్లో ఆడవాళ్లను అడిగితేనే తెలుస్తాయి. వాస్తు చూసే ఆయన్ని నేను మొదటి మీటింగ్‌కే పిలవమంటాను. ఆయన చివర్లో వస్తే వంటగది దగ్గర్నుంచి మళ్లీ మొదలవుతుంది, గీసిన నెల రోజుల పనీ పోతుంది.

ఫీజు మాట కాగితం మీద పెట్టండి. అడ్వాన్స్ ఎంత, ప్లాన్ ఓకే అయ్యాక ఎంత, వర్కింగ్ డ్రాయింగ్స్ (మేస్త్రి చూసి కట్టే వివరమైన డ్రాయింగ్స్) ఇచ్చేటప్పుడు ఎంత, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, ఇవన్నీ ముందే రాసివ్వాలి. మొదటి రెండేళ్లు నేను మొహమాటపడి అడగలేదు. అద్దె కట్టాల్సిన తేదీ దగ్గరపడితే విపరీతమైన టెన్షన్. కనీసం ఆరు నెలల అద్దె చేతిలో ఉంచుకుని మొదలుపెట్టండి. ప్లాటర్ (పెద్ద కాగితాల మీద ప్లాన్లు ప్రింట్ చేసే మెషీన్) కొనకండి, బయట ప్రింట్ తీయించుకుంటే సరిపోతుంది. టైల్స్, సిమెంటు షాపుల కమీషన్ మాత్రం ముట్టుకోవద్దు. ఒక్కసారి తీసుకున్నా, ఇంటివాళ్లు మీ సలహాను ఆ తర్వాత నమ్మరు.

బోర్డు రాయించేటప్పుడు జాగ్రత్త. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే ఆర్కిటెక్ట్ అని పెట్టుకోవాలి. పర్మిషన్ ప్లాన్ల సంతకానికి లైసెన్స్ ఉన్నవాళ్లతో ముందే మాట్లాడుకోండి.

ఈ ఆదివారం టేపు తీసుకుని మీ ఇల్లే కొలవండి. ప్లాన్ పెన్సిల్‌తో గీసి, సరిగ్గా మెట్ల మీదుగా కోసి సెక్షన్ గీయండి. ల్యాండింగ్ కింద తల తగలకుండా నడవగలమో లేదో ఆ కాగితం మీదే చూడండి.