మూడేళ్ళ బిడ్డకు ప్రత్యేక విద్య: మేనకోడలికి ఒక లేఖ

చి. ల. సౌ. మేనకోడలికి అత్త ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. బాబుకు మూడేళ్ళు నిండవస్తున్నా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడం లేదనీ, రెండు మాటలు కలిపి పలకడం లేదనీ, సదరం సర్టిఫికెట్, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం, వస్తే గానీ ఎక్కడా చేర్చుకోరని ఎవరో చెప్పగా ఆగి ఉన్నారనీ రాశావు. ప్రత్యేక విద్యా ఉపాధ్యాయురాలిగా పనిచేసి విరమించినదాన్ని కనుక ఈ ఒక్క సంగతి ముందే గట్టిగా చెబుతున్నాను. సర్టిఫికెట్ దారి వేరు, శిక్షణ దారి వేరు. శిక్షణ మొదలుపెట్టడానికి సర్టిఫికెట్ అక్కరలేదు, వైద్యులు ఫలానా అని తేల్చి చెప్పిన పేరు కూడా అక్కరలేదు. ఎదుగుదల వయసుకు తగినట్టు లేదన్న ఒక్క కారణం చాలు. ఈ రెండింటినీ ముడిపెట్టుకొని, మెదడు అత్యంత వేగంగా నేర్చుకునే నెలలను ఎదురుచూపులో పోగొట్టుకున్న కుటుంబాలను నేను ఎన్నో చూశాను. మీరు అలా చేయవద్దు.

మొట్టమొదట చేయించవలసింది వినికిడి పరీక్ష. టీవీలో పాట వస్తే పరుగెత్తుకొస్తాడు కనుక చెవులు బాగానే ఉన్నాయని మీ అత్తగారు అన్నారని రాశావు. అది చాలదమ్మా. కొన్ని శబ్దాలు వినబడి, మాటల్లోని సన్నని ధ్వనులు వినబడని పిల్లలు ఉంటారు. వాళ్ళు పాటకు స్పందిస్తారు, పిలుపుకు స్పందించరు. ఓఏఈ, బెరా అనే పరీక్షలలో బిడ్డ జవాబు చెప్పవలసిన పని లేదు. బెరా పరీక్షను బిడ్డ నిద్రపోతుండగా, తలకు చిన్న ఎలక్ట్రోడ్లు అంటించి చేస్తారు. ఈ ఫలితం చేతిలో లేకుండా మాట గురించి ఎవరు ఏ మాట చెప్పినా తొందరపడి నమ్మవద్దు. లోపం ఉందని తేలితే వినికిడి యంత్రం వెంటనే పెట్టించాలి. కాక్లియర్ ఇంప్లాంటు, అంటే శస్త్రచికిత్సతో చెవిలో అమర్చే వినికిడి పరికరం, అవసరమైతే ప్రభుత్వ పథకాలకు వయసు పరిమితి ఉంటుంది కనుక అక్కడ ప్రతి నెలా లెక్కలోకి వస్తుంది.

ఇక ఎక్కడికి వెళ్ళాలన్నది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, 2013 నుంచి, వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వచ్చి పిల్లలను పరీక్షించవలసి ఉంది. ఆరేళ్ళ లోపు పిల్లల్లో ఎదుగుదల ఆలస్యం కనబడితే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే అందరూ డీఈఐసీ అనే చోటికి, పంపుతారు. పిల్లల వైద్యులు, ఫిజియోథెరపిస్టు, వినికిడి, మాట నిపుణులు, మనస్తత్వ నిపుణులు, ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులు ఒకే చోట ఉండాలన్నది ఆ కేంద్రం ఉద్దేశం. సేవలకు రుసుము లేదు. ఆ బృందం వచ్చేదాకా ఆగకుండా, అంగన్‌వాడీ టీచరును గానీ ఏఎన్ఎంను గానీ అడిగి రిఫరల్ చీటీ రాయించుకోండి. దివ్యాంగ శిశువులను గుర్తించి, చేర్చుకొని, నిపుణుల వద్దకు పంపడం అంగన్‌వాడీల విధి అని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2023 నవంబరులో ప్రత్యేకంగా ఒక ప్రోటోకాల్ విడుదల చేసింది. ఆ మాట మర్యాదగా గుర్తుచేయడంలో తప్పేమీ లేదు.

డీఈఐసీలో నిపుణుల పోస్టులు కొన్ని ఖాళీగా ఉండవచ్చు. అలాంటప్పుడు సమగ్ర మదింపు కోసం ఒక్కసారైనా సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం నడిచే జాతీయ సంస్థకు తీసుకువెళ్ళండి. 1984లో మొదలైన ఆ సంస్థను ఇప్పుడు నీపిడ్ అంటున్నారు. అన్ని రకాల వైకల్యాలకూ ఒకే కప్పు కింద సేవలందించే సత్వర చికిత్సా కేంద్రాన్ని 2021లో అక్కడ ప్రారంభించారు. వినికిడికి సంబంధించిన అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా మనోవికాస్‌నగర్‌లోనే ఉంది కనుక రెండు పనులూ ఒకే ప్రయాణంలో చూసుకోవచ్చు. అక్కడ మదింపు చేయించి, ఇంట్లో చేయవలసిన కార్యక్రమం రాయించుకొని, రోజువారీ శిక్షణ మీ దగ్గరలోనే కొనసాగించడం మేలు. మీ మండలంలోని భవిత కేంద్రంలో కూడా విచారించండి. ప్రభుత్వ పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్ష వారు నడిపే ఆ కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు.

చట్టం గురించి అల్లుడు అడిగాడన్నావు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, కానీ ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ వారికే. బిడ్డకు అత్యంత అవసరమైన తొలి ఆరేళ్ళకు అంత గట్టి హామీ లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం. ఈ వయసులో సేవలు వాటంతట అవి ఇంటికి రావు, అడిగి సాధించుకోవాలి.

సదరం మాట కొస్తే, అది వద్దని నేను అనడం లేదు. సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాటు బుక్ చేసుకొని, ఒక పక్క ఆ పని సాగనివ్వండి. నలభై శాతం, అంతకు మించిన వైకల్యం ఉంటేనే చాలా పథకాలు వర్తిస్తాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్టు నిరామయ పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఇస్తుంది. దానికి సర్టిఫికెట్ కావాలి. ఇంత చిన్న వయసులో ఇచ్చే సర్టిఫికెట్ చాలావరకు తాత్కాలికమే కనుక అందులో రాసిన శాతాన్ని చూసి బిడ్డ భవిష్యత్తును లెక్క కట్టుకోవద్దు.

ప్రైవేటు థెరపీ కేంద్రాన్ని ఎంచుకోవలసి వస్తే, ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులకూ మాట నిపుణులకూ భారత పునరావాస మండలి నమోదు సంఖ్య ఉందో లేదో అడుగు. అడిగితే నొచ్చుకునే చోట చేర్పించకు. తలుపు వేసుకొని, నిన్ను బయట కూర్చోబెట్టి, లోపల ఏం చేశారో చెప్పని చోట అసలే వద్దు. వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాసి ఇవ్వమను. అందులో "మాట మెరుగుపడాలి" అని ఉంటే అది లక్ష్యం కాదు. "మూడు నెలల్లో, దాహం వేసినప్పుడు గ్లాసు చూపించి గానీ మాటతో గానీ నీళ్ళు అడగాలి, పదిసార్లలో ఎనిమిదిసార్లు" అని ఉంటే అది లక్ష్యం. నెరవేరిందో లేదో నువ్వే చూసి చెప్పగలవు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స అంటూ లక్షలు అడిగేవారి దగ్గరకు మాత్రం వెళ్ళవద్దు. జాతీయ వైద్య కమిషన్ కూడా దానిని సిఫారసు చేయలేదు. అప్పు చేసి ఆ డబ్బు అక్కడ పోసిన తల్లిదండ్రుల దుఃఖం నాకు తెలుసు.

అన్నింటికంటే ముఖ్యమైన పని ఇంట్లో జరగాలి. థెరపీ కేంద్రంలో ముప్పావుగంట ఉంటాడు, మిగిలిన రోజంతా మీ దగ్గరే ఉంటాడు. ప్రతిదీ అడగకుండానే అందిస్తే అడగవలసిన అవసరమే వాడికి కలగదు. ఇడ్లీ ఒక చేతిలో, అరటిపండు ఒక చేతిలో చూపించి, వాటి పేర్లు చెప్పి, మనసులో పది లెక్కపెట్టేంతసేపు ఆగు. చూపు తిప్పినా, చేయి చాపినా అది జవాబే, వెంటనే ఇవ్వు. స్నానం చేయించేటప్పుడు "చేయి, కాలు, పొట్ట" అని చిన్న చిన్న మాటలే అంటూ ఉండు. దాగుడుమూతలు ఆడించు. ఎదుటివారి వంతు కోసం వేచి ఉండడం అక్కడ నేర్చుకుంటాడు. అన్నం తినిపించడానికి ఫోను చేతికివ్వడం మానేయండి. నాలుగు రోజులు పేచీ పెడతాడు, ఓర్చుకోండి. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని ఎవరైనా చెబితే వినవద్దు. నువ్వు లాలించేదీ కోప్పడేదీ తెలుగులోనే కనుక వాడితో తెలుగే మాట్లాడు.

నాలుకకు వస రాస్తే మాటలొస్తాయని, వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయని మీ అత్తగారు అంటున్నారంటే అది ప్రేమతోనే. ఆవిడతో వాదించకు. మొక్కులుంటే తీర్చుకోండి, శిక్షణ మాత్రం ఆపవద్దు. ఒకసారి ఆవిడను కూడా థెరపీకి తీసుకువెళ్ళి కూర్చోబెట్టు. చేయవలసిన పనేమిటో కళ్ళారా చూసిన నానమ్మలు మంచి శిక్షకులవుతారు. అల్లుడిని కూడా వారానికొక రోజు వెంట వెళ్ళమని నా మాటగా చెప్పు. ఈ భారమంతా నువ్వొక్కతివే మోయవలసినది కాదు, నీ నిద్ర, నీ ఆరోగ్యం కూడా బాబు శిక్షణలో భాగమే.

బాబును అంగన్‌వాడీకి పంపడం ఆపవద్దు. తోటిపిల్లలను చూసి నేర్చుకునేది ఏ గదిలోనూ నేర్పలేరు. మొదట గంటసేపు చాలు. శబ్దం ఎక్కువైతే చెవులు మూసుకుంటాడనీ, బెదిరిస్తే ఇంకా ముడుచుకుపోతాడనీ టీచరుకూ ఆయాకూ ముందే చెప్పు.

వెళ్ళేముందు ఒక ఫైలు సిద్ధం చేసుకో. పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు అందులో పెట్టు. పుట్టగానే ఏడ్చాడా, పచ్చకామెర్లు, ఫిట్స్ వచ్చాయా, ఎప్పుడు కూర్చున్నాడు, ఎప్పుడు నడిచాడు అన్నవి ఒక కాగితం మీద రాసి ఉంచు. కొత్త చోట పిల్లలు బిగుసుకుపోతారు కనుక ఇంట్లో తినేటప్పుడు, ఆడేటప్పుడు, నువ్వు పిలిచినప్పుడు ఎలా ఉంటాడో రెండేసి నిమిషాల వీడియోలు ఫోనులో తీసి పెట్టుకో. వినికిడి పరీక్ష అయిన రోజున ఆ కాగితం ఫొటో నాకు పంపు, తరువాత ఏం చేయాలో ఫోనులో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ అత్త