చెప్పు జారితే నాకు చెప్పు

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీ నడుములో డిస్కు జారిందని బెంగళూరు డాక్టరు ఆపరేషన్ మాటెత్తితే నువ్వు కంగారు పడకుండా ఇంకో డాక్టరుకి చూపించుకున్నావట. మూడు నెలలు తిరుపతిలో ఉండి, ఇంటి నుంచే పని చేసుకుంటూ ఫిజియోథెరపీ చేయించుకుంటానన్నావట. వినగానే గుండె నిండిపోయింది. ఆ తర్వాత, నొప్పి తగ్గిన నెలలోనే అలిపిరి మెట్లెక్కుతానని మొక్కుకున్నావని కూడా చెప్పింది. ఇక నాకు రాత్రంతా నిద్ర లేదు. ఫోన్లో చెబితే 'సరే మామా, సరే మామా' అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. కూర్చుని చదవద్దు, నిలబడి చదువు.

ముందు ఒక మాట. నువ్వు తీసుకున్న నిర్ణయం మంచిదే. డిస్కంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలాంటిది. దాని చుట్టూ గట్టి పొరలుంటాయి, లోపల గుజ్జుంటుంది. పొర చిరిగి గుజ్జు బయటికొచ్చి నరాన్ని నొక్కితే పిరుదు నుంచి పాదం దాకా కరెంటు కొట్టినట్టు లాగుతుంది. బయటికొచ్చిన ఆ గుజ్జుని చాలాసార్లు మన ఒళ్ళే మెల్లగా కరిగించుకుంటుంది. ఎక్కువమందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో కాలి నొప్పి బాగా తగ్గుతుంది, కత్తి పెట్టాల్సిన పని లేకుండానే. స్కానింగ్ రిపోర్టు పదేపదే చదివి టెన్షన్ పడకు. ఏ నొప్పీ లేని ముప్పై ఏళ్ళ వాళ్ళకి స్కాన్ తీసినా నూటికి 40 మందిలో డిస్కు ఉబ్బి కనిపిస్తుందట.

మంచం మీద పడుకోవడం ఒకటి రెండు రోజులు చాలు, అంతకు మించితే నడుము ఇంకా బిగుసుకుంటుంది. అరగంటకోసారి కుర్చీలోంచి లేచి నాలుగడుగులు వెయ్. నడుముకి బెల్టు ప్రయాణాల్లో పెట్టుకో, రోజంతా వద్దు. నొప్పి మాత్రలు అన్నం తిన్నాకే వేసుకో. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో మళ్ళీ మళ్ళీ కొనొద్దు, కడుపూ కిడ్నీలూ పాడవుతాయి. నరాల మాత్ర ఇస్తే మత్తుగా ఉంటుంది, ఆ రోజుల్లో స్కూటీ ముట్టుకోవద్దు. నడుములో ఇంజెక్షన్ అంటే అదొక ఊరట, కొన్ని వారాలో నెలలో. వ్యాయామం చేసుకోవడానికి ఆ సమయం పనికొస్తుంది. నీకు షుగర్ బార్డర్‌లో ఉందని మీ అమ్మ అంది, ఆ సంగతి ఇంజెక్షన్‌కి ముందే డాక్టరుకి చెప్పు. స్టెరాయిడ్ పడితే కొన్నాళ్ళు షుగర్ పెరుగుతుంది.

మీ అమ్మ పొద్దున్నే ముగ్గెయ్యమంటే వంగొద్దు. రాత్రంతా పడుకుని లేచేసరికి డిస్కు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటుంది. లేచిన మొదటి గంట వంగితే దానిమీద ఒత్తిడి ఎక్కువ. నాలుగు రోజులు వాకిట్లో ముగ్గు లేకపోతే లక్ష్మీదేవి ఏమీ అనుకోదు, మీ అమ్మతో నేను మాట్లాడతాను.

వ్యాయామాలు ఫోన్లో వీడియోలు చూసి చెయ్యొద్దు. ఒకరికి వెనక్కి వంగేవి పడతాయి, ఇంకొకరికి పడవు. గుర్తు ఒక్కటే. నొప్పి పాదం నుంచి పిక్కకి, పిక్క నుంచి తొడకి, అలా పైకి జరుగుతూ నడుములోకి చేరితే అది నీకు పడినట్టే. అప్పుడు నడుము కాస్త ఎక్కువ నొప్పిగా అనిపించినా భయపడకు. అదే నొప్పి కిందికి పాకితే వెంటనే ఆపి, ఫిజియో అమ్మాయికి చెప్పు.

నడుం తొక్కేవాళ్ళ దగ్గరికి, విరిచేవాళ్ళ దగ్గరికి ఎవరు తీసుకెళ్తామన్నా వెళ్ళొద్దు. పుత్తూరు కట్టు మీద నాకు గౌరవం ఉంది, మీ తాతకి చెయ్యి విరిగితే కట్టించింది అక్కడే. కానీ అది విరిగిన ఎముకకి. నీకు నలిగింది నరం.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్నది.

1998లో నాకు నలభై రెండేళ్ళు. ఘాట్ రోడ్డు మీద బస్సు నడుపుతున్నా. ఎడమ కాలు లాగడం మొదలైంది. నాది ఎల్4-ఎల్5, అంటే నడుములో చివరి నుంచి రెండో డిస్కు. మాత్రలు మింగుతూ డ్యూటీ చేశా. రెండు నెలలకి ఒక్కసారిగా నొప్పి తగ్గింది. స్వామి దయ అనుకుని కొండ మీద గుడి ఎదురుగా అఖిలాండం దగ్గర కొబ్బరికాయ కొట్టా. ఆ వారంలోనే ఒకరోజు ఇంట్లోంచి బయటికొచ్చి వీధి చివరిదాకా నడిచిపోయా. మీ అత్త వెనకనించి పరిగెత్తుకుంటూ వచ్చింది, చేతిలో నా ఎడమ చెప్పు. గడప దగ్గరే జారిపోయిందట. ఒంటి చెప్పుతో అంత దూరం నడిచాను, కాలికి తెలియనే లేదు. చెప్పు పాతబడిందిలే అన్నా. సాయంత్రం వెళ్ళి వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనుక్కొచ్చా.

ఆ పట్టీ ఎందుకో నాకు తెలుసు చిట్టీ. పాదం పైకి లేవడం లేదని నాకు తెలుసు. చెబితే డ్యూటీ తీసేస్తారని, ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారని నోరు మూసుకున్నా.

ఆ తర్వాత ఒకరోజు తిరుమల నుంచి దిగే నా బస్సులో నువ్వూ ఉన్నావు. నీకు ఏడేళ్ళు. గుండు కొట్టించి చందనం పూశారు. నా వెనక సీట్లో మీ అమ్మ ఒడిలో కూర్చుని ప్రతి మలుపుకీ 'మామా, ఇంకొకటి' అని లెక్కపెడుతున్నావు. దిగే దారిలో ఒక మలుపు దగ్గర గేరు మార్చాలని కాలెత్తితే, పాదం ముందు భాగం లేవక క్లచ్ కింద ఇరుక్కుంది. తీద్దామంటే రావడం లేదు. కుడికాలితో బ్రేకు గట్టిగా తొక్కి బస్సుని కొండ పక్కకి ఆనించి ఆపేశా. చేత్తో నా కాలు నేనే పట్టుకుని బయటికి లాక్కున్నా. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంజన్ వేడెక్కిందని కండక్టరుకి చెప్పా. పది నిమిషాలాగి మళ్ళీ నేనే నడిపాను. నువ్వు కిటికీలోంచి లోయ చూపించి 'ఎంత లోతు మామా' అని అడిగావు. ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత కూడా రెండు వారాలు బండి నడిపాను. చివరికి మీ అత్త బలవంతంగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మడమల మీద నడవమన్నారు. కుడి పాదం లేచింది, ఎడమది నేలని వదల్లేదు. ఎన్నాళ్ళయిందని అడిగితే ఆరు వారాలన్నా. అది విని మీ అత్త అక్కడే ఏడ్చేసింది. ఆపరేషన్ చేశారు. నొప్పి పోయింది, పాదం చాలావరకు తిరిగొచ్చింది, బొటనవేలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా లేవదు. నరం అన్నాళ్ళు నలగకుండా ఉండాల్సిందన్నారు డాక్టరు. తర్వాత నేను ఘాట్ రోడ్డు ఎక్కలేదు. డిపోలోనే కూర్చుని రిటైరయ్యా.

అందుకే నీతో గొడవ పెట్టుకుంటున్నా. రోజూ పొద్దున గోడ పట్టుకుని మడమల మీద పదడుగులు, మునివేళ్ళ మీద పదడుగులు నడువు. నీది ఎల్5-ఎస్1, అన్నిటికన్నా కింది డిస్కు కాబట్టి ఒంటికాలి మునివేళ్ళ మీద పదిసార్లు లేచి చూసుకో. ఒక కాలు బలహీనపడినట్టు అనిపిస్తే, చెప్పు జారితే, నొప్పి తగ్గి మొద్దుబారడం పెరిగితే అదే రోజు స్విమ్స్ ఆసుపత్రికి వెళ్దాం. ఆపరేషన్ అంటే ఒప్పుకుందాం, అందులో ఓడిపోయింది ఏమీ లేదు. ఇక మూత్రం రాకపోయినా, తెలియకుండా పోయినా, కూర్చునే చోట స్పర్శ లేకపోయినా, రెండు కాళ్ళూ బరువెక్కినా తెల్లారే దాకా ఆగొద్దు. అర్ధరాత్రయినా నన్ను లేపు. అది గంటల లెక్క, ఆలస్యమైతే జీవితాంతం మిగిలిపోతుంది. ఇలాంటివి మామకి ఎలా చెప్పాలని సిగ్గుపడకు తల్లీ. నిన్ను ఎత్తుకుని తిప్పినవాణ్ణి.

మొక్కు సంగతి. అలిపిరి నుంచి 3550 మెట్లు. గాలిగోపురం దాకా ఒకటే ఎక్కుడు, చివర్లో మోకాళ్ళ పర్వతం. స్వామి దగ్గర నీ మొక్కు భద్రంగానే ఉంటుంది. ముందు యూనివర్సిటీ గ్రౌండులో చదును నేల మీద గంటసేపు నొప్పి లేకుండా నడువు. ఫిజియో సరేనన్నాక మెట్లు. నడిచి ఎక్కుదువు గానీ, దిగేటప్పుడు బస్సే. గాలిగోపురం దాకా నేనూ వస్తా, పట్టీ చెప్పులే వేసుకుని.

శనివారం వచ్చేటప్పుడు బస్సు పలమనేరులో ఆగితే దిగి పది నిమిషాలు నడువు. పాత స్కాన్ ఫిల్ములు మరిచిపోకు. నేను ముందే బస్టాండులో ఉంటా. సంచి నువ్వు ఎత్తొద్దు, దిగి పక్కన నిలబడు.

మీ మామ