నడిపించడానికి అంత చదువెందుకు?

ప్రశ్న: మా ఆయనకు బైపాస్ అయ్యాక వారానికి మూడు రోజుల చొప్పున 12 వారాలు కార్డియాక్ రిహాబ్‌కి, అంటే గుండె కోలుకోవడానికి దగ్గరుండి వ్యాయామం చేయించే చోటికి తీసుకెళ్లాను. మా అమ్మాయి ఫిజియోథెరపీ ఆఖరి సంవత్సరం. మొన్నటిదాకా స్పోర్ట్స్ ఫిజియో అవుతానంది. నాన్నకు తోడుగా నాలుగైదుసార్లు వచ్చి చూసి, ఇప్పుడు ‘నేనూ ఈ లైన్లోకే వెళ్తా’నంటోంది. నాకైతే అక్కడి అమ్మాయి బీపీ మిషన్ పట్టుకుని ట్రెడ్‌మిల్ పక్కన నిలబడటం తప్ప ఇంకేం చేసిందో తెలియలేదు. మనిషిని నడిపించడానికి ఇన్నేళ్ల చదువా? ఇంకో సంగతి. సెషన్లు అయిపోయాయి కాబట్టి ‘ఇక నువ్వే చేయించు’ అని మా ఆయన అమ్మాయి మీద పడ్డారు. చేయించవచ్చా?

జవాబు: మీరు చూసింది నిజమేనమ్మా. ఆ పనిలో బయటికి కనపడేది నిలబడటమే. 36 సెషన్లలో మీ వారికి ఏమీ కాలేదంటే, ఆ అమ్మాయి ఊరికే నిలబడలేదని అర్థం.

నేనూ ఒకప్పుడు మీలాగే అనుకున్నాను. కొన్నేళ్ల కిందట ఇదే లైన్ గురించి అడిగిన కుర్రాడికి ‘స్కోప్ తక్కువ, వేరేది చూసుకో’ అని రెండు ముక్కల్లో చెప్పి పంపేశాను. కళ్లతో చూడకుండా చెప్పానే అన్న గుంజాటన మాత్రం పోలేదు. చివరికి ఒక రిహాబ్ సెంటర్లో అనుమతి అడిగి, ఒక పూటంతా మూలన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఒక పెద్దాయన వచ్చారు. బెంచీ మీద కూర్చుని షూ లేసులు కట్టుకుంటున్నారు. ఫిజియో పక్కనే నిలబడి కబుర్లు మొదలుపెట్టింది. రాత్రి నిద్ర పట్టిందా, తలకింద ఎన్ని దిండ్లు పెట్టుకున్నారు, పొద్దున మాత్రలు వేసుకున్నారా అంటూ. నాకవి కాలక్షేపం మాటలే అనిపించాయి. మాట్లాడుతూనే వంగి, ఆయన చీలమండ పైన బొటనవేలితో కాసేపు నొక్కి వదిలింది. అక్కడ గుంట పడింది. ఎంతకీ పూడలేదు. వెంటనే బరువు చూసింది. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగారు. అంతే, ఆ రోజు ఆయన్ని ట్రెడ్‌మిల్ దగ్గరికి కూడా పోనివ్వలేదు, డాక్టర్‌కి ఫోన్ చేసింది. ‘షూ కూడా కట్టేసుకున్నానే’ అని ఆయన చిన్నబుచ్చుకున్నారు.

తర్వాత అడిగితే చెప్పింది. గుండె సరిగా పంపు చేయకపోతే ఒంట్లో నీరు చేరుతుంది. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుంది కాబట్టి మనిషి తనకు తెలియకుండానే దిండ్లు పెంచుకుంటాడు. ఒక దిండు మూడైందంటే అది కబురు కాదు, లక్షణం. నడిపించడం ఎవరైనా చేస్తారు. ఈ రోజు నడిపించకూడదని తెలుసుకోవడానికే ఆ చదువు.

నడిపించేటప్పుడు మాత్రం తక్కువ తతంగమా? మామూలు జిమ్‌లో నాడి ఎంత పెరిగిందో చూసి శ్రమ లెక్కగడతారు. గుండెపోటు వచ్చినవాళ్లలో చాలామంది బీటా బ్లాకర్లు వాడుతుంటారు. ఆ మందు నాడిని పట్టి ఉంచుతుంది. లోపల మనిషి అలిసిపోతున్నా మిషన్ మీద అంకె పెద్దగా కదలదు. అందుకే గోడమీద బోర్గ్ స్కేల్ అని ఒక చార్టు ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. స్వీడన్‌కు చెందిన గున్నార్ బోర్గ్ తయారుచేసింది. 6 నుంచి 20 దాకా అంకెలు, అంకె పెరిగే కొద్దీ కష్టం ఎక్కువని. ‘ఇప్పుడు ఎంత కష్టంగా ఉంది’ అంటే పేషెంటే అంకె చెప్పాలి. చాలామందిని 11కీ 14కీ మధ్య ఉంచుతారు. ఇక్కడే చిక్కు. భయస్తుడు 9 దగ్గరే 15 అంటాడు. పంతగాడు చెమటలు కారుతున్నా 10 అంటాడు. ఆయన చెప్పే అంకెనీ, ఆయన మొహాన్నీ, మాట్లాడుతుంటే వాక్యం మధ్యలో ఊపిరికి ఆగుతున్నాడా లేదా అన్నదాన్నీ కలిపి చూసుకోవాలి. మీ వారితో ఆ అమ్మాయి ట్రెడ్‌మిల్ మీద కూడా ఏదో ఒకటి మాట్లాడిస్తూనే ఉండి ఉంటుంది. అది పరీక్షేనమ్మా.

ఇక మీరు చెప్పిన ఆ బీపీ మిషన్. శ్రమ పెరిగే కొద్దీ పై బీపీ పెరగాలి. వేగం పెంచుతుంటే అది పెరక్కపోగా 10 పాయింట్లకు మించి పడిపోయిందంటే గుండె ఆ పనికి అందుకోలేకపోతోందేమోనని ఆపేస్తారు. విశ్రాంతిలోనే 180/110 దాటి ఉంటే చాలాచోట్ల ఆ రోజు మొదలే పెట్టరు. ఇంకోటి, నడక ఠక్కున ఆపకూడదు. కాళ్ల కండరాలు ఆగిపోగానే రక్తం కిందే నిలిచిపోయి, బీపీ పడి కళ్లు తిరుగుతాయి. చివర్లో వేగం తగ్గిస్తూ నడిపించేది అందుకు. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్లయితే మొదలుపెట్టే ముందూ, అయ్యాకా షుగర్ చూడాలి. ఛాతీ తెరిచి చేసిన ఆపరేషన్ అయితే రొమ్ము ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి చేతులతో బరువులు ఎప్పుడు మొదలుపెట్టాలో లెక్క వేరు. గుండె లయ తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే ఐసీడీ అనే చిన్న పరికరాన్ని ఒంట్లో పెట్టినవాళ్లలో అది ఏ నాడి దగ్గర షాక్ ఇచ్చేలా అమర్చారో తెలుసుకుని, దానికి కనీసం 10 తక్కువలోనే ఆపాలి. గుండె మార్పిడి చేయించుకున్నవాళ్లకు కొత్త గుండెకు నరాల సంబంధం తెగి ఉంటుంది, నాడి ఆలస్యంగా పెరుగుతుంది, ఆలస్యంగా తగ్గుతుంది. ఒకే గదిలో, ఒకే పూట, ఈ రకాలన్నీ పక్కపక్క సైకిళ్ల మీద ఉండొచ్చు.

ఇంత చూసుకుంటారు కాబట్టే ప్రమాదాలు చాలా అరుదు. పర్యవేక్షణలో చేయించే వ్యాయామంలో కార్డియాక్ అరెస్ట్, అంటే గుండె ఉన్నట్టుండి ఆగిపోవడం, పేషెంట్లందరూ చేసిన గంటలు కలిపితే లక్షకు పైగా గంటలకు ఒకటి అని లెక్క. అంటే మీ అమ్మాయి కొన్నేళ్లు పనిచేసినా ఒక్కటీ చూడకపోవచ్చు. కానీ ఆ ఒక్కటీ వచ్చిన నిమిషంలో గుండెకు షాక్ ఇచ్చే డిఫిబ్రిలేటర్ ఎక్కడుందో వెతుక్కోకూడదు. నన్నడిగితే ఈ ఉద్యోగంలో అసలు కష్టం ఇదే. రోజూ ఏమీ జరగని చోట, రోజూ జరుగుతుందన్నట్టు మెలకువగా ఉండాలి.

ఈ వైద్యం నిన్నమొన్నటిదేం కాదు, అలాగని మొదట్నుంచీ ఉన్నదీ కాదు. ఒకప్పుడు గుండెపోటు వస్తే ఆరు వారాలు మంచం దిగనిచ్చేవాళ్లు కాదు. 1952లో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు పేషెంట్లను కుర్చీలో కూర్చోబెడితేనే అదో సాహసమైంది. తర్వాత డల్లాస్‌లో ఐదుగురు కుర్రాళ్లను, నిండు ఆరోగ్యవంతులను, 20 రోజులు మంచం మీదే ఉంచి చూశారు. వాళ్ల దేహదారుఢ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ఆ ఐదుగురినే 30 ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే, మూడు వారాల మంచం చేసినంత నష్టం 30 ఏళ్ల వయసు కూడా చేయలేదని తేలింది. విశ్రాంతి కూడా డోసు చూసి ఇవ్వాల్సిన మందేనని అప్పటికి అర్థమైంది. 2021లో కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధనల సంస్థ సమీక్ష 85 ట్రయల్స్, 23 వేలకు పైగా పేషెంట్ల వివరాలు కలిపి చూసింది. వ్యాయామంతో కూడిన రిహాబ్ వల్ల మళ్లీ గుండెపోటు రావడం, మళ్లీ ఆస్పత్రిలో చేరడం తగ్గుతాయని అందులో ఉంది. దీర్ఘకాలంలో గుండె జబ్బుతో పోయేవాళ్ల సంఖ్యా తగ్గుతుంది. కాబట్టి మీ అమ్మాయి ఎంచుకున్నది ఆస్పత్రిలో అలంకారంగా పెట్టే విభాగం కాదు.

ఇక చదువు సంగతి. ఈ పనిలోకి దారులు చాలా ఉన్నాయి. కొన్ని దేశాల్లో నర్సులే నడుపుతారు, కొన్నిచోట్ల క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టులు. మీ అమ్మాయి ఇప్పటికే ఫిజియోథెరపీలో ఉంది కాబట్టి దారి వెతుక్కోవాల్సిన పనిలేదు. డిగ్రీ, రిజిస్ట్రేషన్ అయ్యాక కార్డియో రెస్పిరేటరీ వైపు పీజీ చేస్తే సూటిగా సరిపోతుంది. కానీ పీజీ కంటే ముందు, ఈ ఆఖరి సంవత్సరంలోనే ఆమెను ఒకటి అడగండి. ఈసీజీ చదవగలదా? ‘క్లాసులో చెప్పారు’ అంటే రాదని లెక్క. కదులుతున్న మనిషి ఈసీజీ పుస్తకంలో బొమ్మలా ఉండదు. చెమటకు ఎలక్ట్రోడ్ ఊడితే వచ్చే గీతకూ, నిజంగా లయ తప్పితే వచ్చే గీతకూ తేడా రెండు క్షణాల్లో చెప్పాలి. అది చూసీ చూసీ రావాల్సిందే. రెండోది మందులు. ఫిజియో పిల్లలు ఫార్మకాలజీని పాస్ మార్కుల సబ్జెక్టుగా వదిలేస్తారు. ఈ లైన్లో అలా కుదరదు, ఎందుకో పైన బీటా బ్లాకర్ దగ్గర చూశారుగా. గుండె ఆగినప్పుడు ప్రాణం నిలబెట్టే శిక్షణలైన బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ సర్టిఫికెట్లు ఎలాగూ తీసుకోవాలి, గడువు తీరకుండా చూసుకోవాలి. ఆరు నిమిషాల నడక పరీక్ష, ట్రెడ్‌మిల్ వేగం, వాలు మెట్టు మెట్టుగా పెంచే బ్రూస్ ప్రోటోకాల్ లాంటివి తన చేత్తో చేసి ఉండాలి. ఇంటర్న్‌షిప్‌లో పోస్టింగ్ ఎంచుకునే వీలుంటే గుండె ఆపరేషన్ల ఐసీయూ అడగమనండి. ఆపరేషన్ మర్నాడు మనిషిని మంచం మీంచి లేపి కూర్చోబెట్టడం, దగ్గించడం, నాలుగడుగులు వేయించడం, రిహాబ్ అసలు మొదలయ్యేది అక్కడ. మీరు చూసిన 36 సెషన్లు రెండో అంకం.

ఉద్యోగాల విషయంలో తీపి కబుర్లు చెప్పను. స్పోర్ట్స్‌తో పోలిస్తే పేరు తక్కువ. సొంత క్లినిక్ పెట్టుకుని ఎదగడమూ కష్టమే, ఎందుకంటే కార్డియాలజిస్ట్ అండ, ఎమర్జెన్సీ ఏర్పాట్లు లేకుండా ఎక్కువ రిస్కున్న పేషెంట్లను తీసుకోకూడదు. చాలా ఆస్పత్రుల్లో ఈ విభాగమంటే ఒకరిద్దరు మనుషులే. అన్నిటికంటే పెద్ద సమస్య, రావాల్సిన పేషెంట్లే రారు. డాక్టర్ రాసివ్వడం మరిచిపోతారు, రాసినా దూరమనో సెలవు దొరకదనో మానేస్తారు. ఇలా జారిపోయేవాళ్లలో ఆడవాళ్లు, వయసు మళ్లినవాళ్లు ఎక్కువ. కాబట్టి మీ అమ్మాయికి నడిపించడమే కాదు, వార్డులో మంచం పక్కన నిలబడి ఒప్పించడమూ రావాలి. దీనికి మరో వైపు ఉంది. ఫోన్లో, వీడియోలో చూస్తూ ఇంటి దగ్గరే చేయించే రిహాబ్ పెరుగుతోంది. నేర్చుకున్న పని ఊపిరితిత్తుల రిహాబ్‌కి, హార్ట్ ఫెయిల్యూర్ క్లినిక్‌కి, పెద్ద ఆపరేషన్‌కి ముందు ఒంటిని సిద్ధం చేసే పనికి కూడా పనికొస్తుంది. ఒక్క గదికే కట్టుబడిపోతుందన్న బెంగ అక్కర్లేదు.

స్పోర్ట్స్ మానేసి ఇటు రావడం సరైనదేనా అన్నది ఆమె స్వభావాన్ని బట్టి ఉంటుంది. ఆటగాడు ఎప్పుడు దిగనిస్తారా అని తొందరపడతాడు, ఆపడమే ఫిజియో పని. ఇక్కడ సగంమంది ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని వస్తారు. మెట్టు ఎక్కితే గుండె ఆగిపోతుందని నమ్మేసి ఉంటారు. గుండెపోటు తర్వాత దిగులు పట్టుకోవడమూ మామూలే. ఆ మనిషి మొదటిసారి మెట్లెక్కి, పైన నిలబడి, తన నాడి తానే పట్టుకుని చూసుకుని నవ్వుతాడే, అది చూసి మీ అమ్మాయికి సంతోషం కలిగితే ఇది ఆమె లైనే. కలగకపోతే ఎన్ని సర్టిఫికెట్లున్నా రెండేళ్లలో విసుగెత్తుతుంది. నాన్నతో వచ్చి చూసిన నాలుగైదు రోజులు చాలవు, అప్పుడు ఆమె కళ్లు నాన్న మీదే ఉంటాయి. తెలియని పేషెంట్ల మధ్య ఒక నెల అబ్జర్వర్‌గా ఉండమనండి. మూడో వారం కూడా దిండ్ల సంగతి అడగడం మానకుండా ఉందా లేదా అన్నది తనకే తెలుస్తుంది.

మీ రెండో ప్రశ్న. ‘ఇక నువ్వే చేయించు’ అన్నది ఒప్పుకోవద్దని చెప్పండి. ఆమెకు చేతకాదని కాదు. నాన్న 10 అంటే కూతురు 10 అనే నమ్ముతుంది, లేదా భయపడి 8 దగ్గరే ఆపేస్తుంది. పైగా ఇంకా లైసెన్స్ లేదు. మీరు ముగ్గురూ కలిసి సెంటర్‌కి మరోసారి వెళ్లండి. ఇంట్లో ఎంతసేపు, ఏ అంకె దాకా నడవాలి, ఏం కనపడితే ఆపాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది కాగితం మీద రాయించుకోండి. రోజూ పొద్దున బరువు చూసి నోట్ చేసే పని అమ్మాయికి ఇవ్వండి. పక్కన నడవడానికి మీరున్నారుగా.