పాఠకుల ప్రశ్నలు: పాత బాణపు ములుకులకు మెరుగు పెట్టించవచ్చా?

ప్రశ్న: మా పెదనాన్నగారు 1960లలో అమెరికాలో చదువుకొని తిరిగి వస్తూ తెచ్చుకున్న వేట బాణపు ములుకులు, అక్కడివారు బ్రాడ్‌హెడ్‌లు అనేవి, పదీ పన్నెండు దాకా ఈ మధ్య అటక సర్దుతుంటే ఒక రేకు డబ్బాలో దొరికాయి. కొన్నింటితో పాటు బేర్ రేజర్‌హెడ్ అని అచ్చువేసిన అట్ట ఉంది. మిగిలినవి నల్ల రంగు పూసిన రెండు అంచుల ములుకులు. రెండింటిలో విరిగిన కర్ర ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. అన్నిటికీ అంతో ఇంతో తుప్పు పట్టింది. చిక్కపేటలో ఒక పాలిష్ పనివారు అద్దంలా చేసి ఇస్తామంటున్నారు. విలువిద్య నేర్చుకుంటున్న మా అబ్బాయి మాత్రం పదును పెట్టించి తన బాణాలకు బిగించుకుంటానంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: పాలిష్ వద్దు, పదునూ వద్దు. తుప్పును ఆపి, ఉన్నదాన్ని ఉన్నట్టుగా నిలబెట్టడమే మీరు చేయవలసిన పని.

మీ దగ్గరున్న రేజర్‌హెడ్‌ను మిషిగన్ రాష్ట్రంలోని గ్రేలింగ్‌లో విల్లుల కర్మాగారం నడిపిన ఫ్రెడ్ బేర్ 1956లో మార్కెట్లోకి తెచ్చాడు. (ఆయన 1960లలో మన దేశానికి వచ్చి విల్లుతో పులిని కూడా వేటాడాడు. అప్పటికి మన దగ్గర అది నేరం కాదు.) పెద్ద బ్లేడు మధ్యనున్న చీలికలోకి అడ్డంగా దూర్చే పలుచని చిన్న బ్లేడు దీని ప్రత్యేకత. విడిగా ఊడివచ్చే భాగం కావడం వల్ల చాలామంది దగ్గర అదే పోతుంది కనుక, డబ్బా అడుగున రేకు తునకల్లాంటివి కనిపిస్తే పారేయకుండా ముందు వాటిని ఏరి పక్కన పెట్టండి. అమెరికాలో బ్రాడ్‌హెడ్‌లు సేకరించేవారికి ప్రత్యేకంగా ఒక సంఘమే ఉంది. అటువంటివారు ములుకును చేతిలోకి తీసుకోగానే చూసేది మెరుపును కాదు. కర్మాగారంలో సానపట్టినప్పటి గీతలు, మొదటి రంగు, చిన్న బ్లేడు, అట్ట, ఇవన్నీ మిగిలి ఉన్నాయా అన్నదే. తిరిగే పాలిష్ చక్రం ఆ గీతలను, అక్షరాల అంచులను ఒక్క నిమిషంలో చెరిపేస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం వేడి వల్ల కలుగుతుంది. పదును పట్టే ఉక్కు దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ దాటితే తన గట్టిదనాన్ని కోల్పోవడం మొదలుపెడుతుంది. 220 ప్రాంతంలో ఉక్కు మీద ఎండుగడ్డి పసుపు రంగు, 300 దగ్గర నీలం తేలతాయి. కాగితం లాంటి పలుచని అంచు చక్రం మీద ఆ వేడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు.

మీరే చేసుకోదలిస్తే, చేతులకు మందపాటి తొడుగులు వేసుకుని, తుప్పు తక్కువగా ఉన్న ఒక్క ములుకుతో మొదలుపెట్టండి. కిరసనాయిలు ఇప్పుడు సులువుగా దొరకదు కనుక రంగుల దుకాణంలో అమ్మే టర్పెంటాయిల్‌ను గుడ్డకు అద్ది దుమ్మూ పాత జిడ్డూ తుడవండి; నల్ల రంగు ఉన్న వాటి మీద ముందుగా కనపడని మూల రుద్ది చూసి, గుడ్డకు రంగు అంటితే అక్కడే ఆపేయండి. ఆ తరువాత కుట్టుమిషన్ నూనె ఒకటి రెండు చుక్కలు వేసి ఒక రాత్రి నానబెట్టి, మరునాడు వెదురు పుల్లతోనూ, నాలుగు సున్నాల గుర్తుండే అతి మెత్తని స్టీల్ ఉన్నితోనూ అంచు వైపుగా కాకుండా బ్లేడు పొడవునా నెమ్మదిగా రుద్దండి. గిన్నెలు తోమే ఉక్కు పీచు దీనికి చాలా గరుకు, ఉప్పు కాగితం అసలే పనికిరాదు. పొడిపొడిగా రాలే ఎర్ర తుప్పు పోవాలి. దాని కింద గట్టిగా అంటుకుని ఉన్న నల్లని పొర వచ్చిందంటే మీ పని అయిపోయినట్టే, ఎందుకంటే ఆ పొర లోహానికి హాని చేయదు, పైగా కొంతవరకు కాపాడుతుంది. తుప్పు తిన్న గుంటలు అలాగే ఉంటాయి. వాటిని సమం చేయాలని కూర్చుంటే చివరకు ములుకే మిగలదు.

చింతపండు, నిమ్మరసం, వెనిగర్ జోలికి పోవద్దు. పూజ సామాను తళతళలాడించే అలవాటున్న ప్రతి ఇంట్లోనూ ఈ సలహా ముందుగా వస్తుంది. అయితే ఇత్తడికి సరిపడినది ఇనుముకు సరిపడదు. పులుపు తుప్పుతో పాటు మంచి లోహాన్నీ తినేసి, జీవం లేని బూడిద రంగును మిగులుస్తుంది; గట్టిపరచిన ఉక్కులోకి హైడ్రోజన్ చేరి అది పెళుసెక్కే ప్రమాదం కూడా ఉంది.

విరిగిన కర్రలను అలాగే ఉంచమనే నా సలహా. ఆ రోజుల్లో అమెరికాలో బాణాలకు ఎక్కువగా వాడినది ఆరెగన్ తీరంలో పెరిగే పోర్ట్ ఆర్ఫర్డ్ సెడార్. కొద్దిగా గీరి చూస్తే అల్లమూ మిరియాలూ కలిసినట్టు ఘాటైన వాసన వస్తే అది అదేనని అనుకోవచ్చు. తీయక తప్పదనుకుంటే పొయ్యి మంట మీద పెట్టకండి, డ్రిల్లు వేయకండి. కర్రను అతికించిన లక్కలాంటి బంక చాలావరకు మరిగే నీటి వేడికే మెత్తబడుతుంది. కొన్ని రకాలలో బ్లేడును కర్ర దూరే గొట్టానికి టంకంతో అతుకుతారు కాబట్టి నేరుగా మంట తగిలితే ఆ అతుకే ఊడిపోవచ్చు. నీటిలో పెట్టి తీసిన వెంటనే పూర్తిగా ఆరబెట్టి నూనె రాయడం మరచిపోవద్దు.

ఇక మీ అబ్బాయి సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత మన దేశంలో వేట నిషిద్ధం కనుక ఈ ములుకులకు పదునుతో పని లేదు. సాధనకు వాడదామన్నా ఇవి లక్ష్యపు దిమ్మెను చీల్చి పాడుచేస్తాయి, శిక్షణ కేంద్రాలలో వీటిని సాధారణంగా అనుమతించరు. అరవై ఏళ్ల నాటి అతుకు వింటి దెబ్బకు ఊడితే గాయపడేది పిల్లవాడే. పైగా ఆకురాయి పట్టిన ప్రతిసారీ బ్లేడు సన్నబడుతుంది, మొదటి కోణం తిరిగి రాదు. వాడికి కొత్త గుండ్రటి మొనలు కొనిపెట్టండి.

ఆయుధ నిబంధనలు తొమ్మిది అంగుళాల కన్నా పొడవైన, లేదా రెండు అంగుళాల కన్నా వెడల్పైన అలుగు (బ్లేడు) గల ఆయుధాల గురించి చెబుతాయి; ఈ ములుకులు సాధారణంగా ఆ కొలతలకు లోపలే ఉంటాయి. అయినా సంచిలో వేసుకుని బయట తిరగడం, విమానంలో చేతి సామానుతో తీసుకువెళ్లడం కూడదు. అదే అటక మీద జంతువు చర్మమో కొమ్మో కూడా బయటపడితే అది వేరే వ్యవహారం. దానికి యాజమాన్య ధ్రువపత్రం ఉందో లేదో ముందు చూసుకుని అటవీ శాఖను సంప్రదించండి.

ప్రశ్న: మా తాతగారు అరకు వైపు అటవీ శాఖలో పనిచేసినప్పుడు తెచ్చిన కొలిమి బాణాలు మా ఇంట్లో ఉన్నాయి. ములుకును వెదురు కాడలో గుచ్చి నారతో చుట్టి బంక పూశారు. ఎన్నిసార్లు కొబ్బరినూనె రాసినా మళ్లీ తుప్పు పడుతోంది. కారణం ఏమిటి?
– ఒక పాఠకురాలు, తిరువాన్మియూరు, చెన్నై

జవాబు: సముద్రపు గాలిలోని ఉప్పు ఒక కారణం, కొబ్బరినూనె మరొక కారణం. వంటనూనెలు కాలం గడిచేకొద్దీ పులిసి జిగురుగా మారి దుమ్మును పట్టుకుంటాయి, ఆ దుమ్ము తేమను పట్టుకుంటుంది. నార, వెదురు ఉన్నాయి కనుక వీటిని దేనిలోనూ నానబెట్టకూడదు. పాత నూనెను టర్పెంటాయిల్ అద్దిన దూది పుల్లతో ఇనుము మీద మాత్రమే తుడిచి, వదులు తుప్పును మెత్తని కుంచెతో దులిపి, ఆరాక మైక్రోక్రిస్టలైన్ మైనం (పెట్రోలియం నుంచి తీసే ఒక రకం మైనం) పలుచగా రాసి గుడ్డతో రుద్దండి. ఉత్త చేత్తో ఇనుమును పట్టుకోకండి, చెమటలోనూ ఉప్పే ఉంటుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులతో ఉంచి, గింజల రంగు మారినప్పుడల్లా వాటిని వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. ఇంత చేసినా నారింజ రంగు చుక్కలు చెమర్చినట్టు తేలుతూ ఉంటే ఉప్పు లోపలికి దిగిందని అర్థం. దాన్ని క్షార ద్రావణాలతో వెలికితీయడం ఇంట్లో చేసే పని కాదు. తమిళనాడులోని ప్రాచీన సమాధుల స్థలం ఆదిచ్చనల్లూరులో దొరికిన ఇనుప వస్తువులను భద్రపరచిన ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో రసాయన సంరక్షణ ప్రయోగశాల ఉంది; ఫొటోలు తీసుకువెళ్లి అక్కడివారి సలహా అడగండి.