లినక్స్ కెర్నల్‌లో సీఓటూ సెన్సర్ డ్రైవర్ ఏ ఫోల్డర్‌లో పెట్టాలి?

బ్రో, నీ సెన్సర్ ఐటూసీ (చిప్‌లని కలిపే రెండు వైర్ల బస్) మీద కనెక్ట్ అయింది కాబట్టి డ్రైవర్స్/ఐటూసీలో పెట్టాలా అన్నావు కదా, వద్దు. అది బస్సుకి, కంట్రోలర్లకి సంబంధించిన కోడ్ ఉండే చోటు, చిప్ ఏ వైరు మీద వేలాడుతోందో కాదు, అది ఏం పని చేస్తుందో చూసి ఫోల్డర్ డిసైడ్ చేస్తారు. హెచ్‌డబ్ల్యూమాన్ కూడా కాదు, అది బోర్డు వేడి, ఫ్యాన్ స్పీడు, వోల్టేజీలు చూసుకోడానికి. మిస్క్ అంటావా, ఇంకెక్కడా ఇమడని వాటికే అది, నువ్వు అందులో పెట్టి పంపితే రివ్యూలో మొదటి ప్రశ్నే "ఐఐఓ ఎందుకు కాదు?" అని వస్తుంది. ఐఐఓ అంటే కెర్నల్‌లో ఇలాంటి సెన్సర్ల కోసమే ఉన్న భాగం.

నీది డ్రైవర్స్/ఐఐఓ/కెమికల్‌లోకి వెళ్ళాలి. అక్కడ ఎస్‌సీడీ30 డ్రైవర్ ఉంది, అదీ సీఓటూ సెన్సరే, కోర్ ఒక ఫైలు, ఐటూసీ ఒకటి, సీరియల్ ఒకటి, చక్కగా విడదీశారు, ముందు అది చదువు. ఒక్క చోట జాగ్రత్త, ఐఐఓలో కాన్సంట్రేషన్ యూనిట్ పర్సెంట్, నీ చిప్ పీపీఎమ్ (పది లక్షల్లో ఎన్ని భాగాలు) ఇస్తే స్కేల్ (రీడింగ్‌ని గుణించే సంఖ్య) 0.0001 పెట్టాలి, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

ప్యాచ్ (నీ కోడ్ మార్పు) రెడీ అయ్యాక కెర్నల్ సోర్స్‌లోనే ఉండే గెట్ మెయింటైనర్ స్క్రిప్ట్ రన్ చెయ్, ఎవరికి పంపాలో అదే చెప్తుంది.