"అబ్బాయిలంతా చెడ్డవాళ్లు": ఐదేళ్ల పాపకి ఈ మాట ఎక్కణ్ణుంచి వస్తుంది?

మీ ఐదేళ్ల పాప "అబ్బాయిలంతా చెడ్డవాళ్లు" అంటోందని, ఇంట్లో ఎవరూ అలా అనలేదని, యూకేజీలో చేరాకే మొదలైందని రాశారు. ఎవరో కూర్చోబెట్టి నేర్పి ఉండక్కర్లేదండీ. బడిలో రోజూ "బాయ్స్", "గర్ల్స్" అని వినే పిలుపు చాలు.

1990లలో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త రెబెకా బిగ్లర్ బృందం దీన్ని పరీక్షించింది. చిన్న తరగతుల పిల్లల్లో సగంమందికి నీలం టీషర్టులు, సగంమందికి పసుపువి ఇచ్చారు. కొన్ని తరగతుల్లో టీచర్లు రంగుతోనే పిలిచారు, రంగును బట్టే కూర్చోబెట్టారు, వరుసలు కట్టించారు. ఏ రంగునీ పొగడలేదు, తిట్టలేదు. మిగతా తరగతుల్లో అవే టీషర్టులు, కానీ రంగు ఊసే ఎత్తలేదు. కొన్ని వారాలకి మొదటి తరగతుల పిల్లలు తమ రంగువాళ్లే మంచివాళ్లనుకున్నారు. రెండోచోట అలా జరగలేదు.

మన బడుల్లో టీషర్టులతో పనిలేదు. "బాయ్స్ ఒక లైను, గర్ల్స్ ఒక లైను" సరిపోతుంది. "గర్ల్స్ చూడండి, ఎంత బుద్ధిగా ఉన్నారో" అంటే ఇంకా గట్టిపడుతుంది. టీచరుని తప్పుపట్టకుండా ఇంకో పద్ధతి అడగండి: రోల్ నంబరు సరి, బేసి, పుట్టిన నెల, టిఫిన్ డబ్బా రంగు. వీటిలో ఏదైనా నెలల తరబడి వాడితే అదే కొత్త గుంపవుతుంది, కాబట్టి తరచూ మార్చాలి.

ఇంట్లో చూసుకోవాల్సింది బహువచనం. "అబ్బాయిలు కొడతారు" అని పాప అంటే వాదించకండి, "ఎవరు కొట్టారు? ఎప్పుడు?" అని అడగండి. పేరు బయటికొస్తే అది ఒక పిల్లాడు చేసిన పని అవుతుంది, అబ్బాయిల స్వభావం కాదు. మీరు కూడా "కొందరు", "ఆ అబ్బాయి" అనే అనండి. "మగపిల్లాడివి, ఏడుస్తావా?" అని తమ్ముణ్ణి అన్నా పాప వింటూనే ఉంటుంది.

మంచి ఉద్దేశంతో చేసే తప్పొకటి: "ఆడపిల్లలు కూడా మగపిల్లలంత బాగా లెక్కలు చేస్తారు." ఇందులో కొలబద్ద మగపిల్లలే. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో ఇలాంటి వాక్యం చదివిన పెద్దవాళ్లకే లెక్కల్లో మగపిల్లలదే పైచేయి అనిపించింది. "ఇద్దరూ బాగా చేస్తారు" అంటే చాలు. ఆలస్యం చేయకండి. 2017లో ప్రచురితమైన మరో అమెరికా అధ్యయనంలో ఐదేళ్ల ఆడపిల్లలు మగపిల్లల్లాగే తమవాళ్లని మహా తెలివైనవాళ్లుగా ఎంచుకున్నారు, ఆరేళ్ల ఆడపిల్లల్లో ఆ ఎంపిక తగ్గింది.

సెలవురోజున పాప క్లాసులోని ఒక అబ్బాయిని, ఒక్కణ్ణే, ఇంటికి పిలవండి. నలుగురైదుగురు వస్తే మళ్లీ రెండు జట్లవుతారు. ఇద్దరికీ కలిపి ఒకే పని ఇవ్వండి: ఒక పజిల్, లేదా ఒకే గిన్నెలో చపాతీ పిండి.