కొలిమి లేని తరగతిలో గాజు శిల్పం పాఠం

ప్రశ్న: నాలుగు, ఐదు తరగతులు కలిపి ముప్పై మంది పిల్లలు. ఊదిన గాజు శిల్పం గురించి చెప్పాలి. వీడియో వేస్తే చూసి మర్చిపోతున్నారు. కొలిమి మాట అటుంచి గాజు ముక్క కూడా చేతికివ్వలేం. వాళ్లచేత ఏం చేయించాలి? – ఒక టీచరు, బరంపురం

జవాబు: ఊదడం తర్వాత చూద్దాం, ముందు తిప్పడం నేర్పండి. వీడియోల్లో పిల్లలు బుడగనే చూస్తారు, పనివాడి వేళ్లు చూడరు. అసలు విద్య ఆ వేళ్లలోనే ఉంది. కొలిమిలో గాజు దాదాపు 1100 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కటి తేనెలా ఉంటుంది. నాలుగైదు అడుగుల బోలు ఇనప గొట్టం కొసకి దాన్ని చుట్టి బయటికి తీస్తారు. రెండో కొస నుంచి గాలి ఊదితే అది బుడగవుతుంది. అప్పటినుంచి తిప్పుతూనే ఉండాలి. ఆపితే ముద్ద ఒక పక్కకి జారి వేలాడుతుంది.

ఇది తెలియాలంటే అర కిలో బెల్లం, గ్లాసుడు నీళ్లు కలిపి తీగ పాకం పట్టి, వడకట్టి, పూర్తిగా చల్లార్చండి. అప్పడాల కర్ర కొసని అందులో నాలుగు వేళ్ల మేర ముంచి తీసి, అడ్డంగా పట్టుకుని సెకనుకి ఒక చుట్టు చొప్పున తిప్పమనండి. తిప్పుతున్నంతసేపూ పాకం కర్రనే అంటుకుని ఉంటుంది, ఆపగానే ధారకడుతుంది. పాకం పలచనైతే తిప్పినా కారుతుంది, ఇంకాస్త కాచుకోండి. కింద పాత పేపర్లు పరిచి, అయిన వెంటనే తీసెయ్యండి. లేకపోతే మర్నాడు బడికి మీకంటే ముందు చీమలొస్తాయి.

ఊదడానికి బెలూన్లు చాలు. బెలూన్‌ని నారింజ పండంత ఊది, ఒక పక్క సెల్లోటేపు ముక్క అతికించి, మళ్లీ ఊదమనండి. టేపు ఉన్న చోట రబ్బరు సాగదు, బెలూన్ అటు వంగుతుంది. గాజు బుడగలో చల్లబడిన పక్క చేసేదీ ఇదే. మొండికేస్తుంది, వేడిగా ఉన్న పక్క ఉబ్బిపోతుంది. అందుకే మాటిమాటికీ మంటలో పెట్టి అన్ని పక్కలా సమంగా వేడి చేస్తారు. శిల్పికి వంకరే కావాలంటే ఒక పక్కనే కాస్తాడు. ఎవరి బెలూన్ వాళ్లే ఊదాలి. పగిలిన రబ్బరు ముక్కలు గొంతుకి అడ్డం పడతాయి, లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి.

ఇంకొకటి: పాత పేపరు ఐదారు షీట్లు అరచేయంత మడిచి, నీళ్లలో నానబెట్టి పిండి ఇవ్వండి. గాజు పనివాళ్లు అచ్చం ఇలాంటి తడి పేపరు మడతనే చేతిలో పెట్టుకుని ఎర్రగా కాలుతున్న ముద్దని గుండ్రంగా దిద్దుతారు. పేపరుకీ గాజుకీ మధ్య పుట్టే ఆవిరి చెయ్యి కాలకుండా కాపాడుతుంది. పేపరు ఆరితే నిప్పంటుకుంటుంది, మధ్యమధ్య తడపాల్సిందే. ఇది విన్న పిల్లలు మడతని వదలరు.

ప్రశ్న: పంచదారతో ‘గాజు’ చేసి చూపిద్దామనుకుంటే పలకలా రాకుండా బూరబూరగా, తెల్లగా అయిపోయింది. ఎందుకు? – పర్లాకిమిడి

జవాబు: పంచదార మళ్లీ గింజ కట్టింది. గిన్నె అంచుకి అంటుకున్న నాలుగు పలుకులు పాకంలో పడినా, మరిగేటప్పుడు గరిటె తిప్పినా గింజ మొదలవుతుంది. 400 గ్రాముల పంచదారకి 150 మి.లీ. నీళ్లు, 100 గ్రాముల లిక్విడ్ గ్లూకోజ్ వెయ్యండి. బేకరీ సామాన్ల కొట్లో దొరుకుతుంది. లేకపోతే అర చెంచా నిమ్మరసం. పంచదార కరిగేదాకానే కలపాలి. తర్వాత తడి బ్రష్‌తో అంచులు తుడుస్తూ ఉండండి. 150 డిగ్రీల దగ్గర దించాలి. థర్మామీటర్ లేకపోతే చుక్క చన్నీళ్లలో వెయ్యండి. అరిసెల పాకంలా ఉండ కడితే చాలదు, టక్కున విరగాలి. ఇంకా కాస్తే గోధుమరంగు తిరుగుతుంది. నెయ్యి రాసిన స్టీలు పళ్లెంలో పోసెయ్యండి.

పొయ్యి దగ్గరికి పిల్లలు రాకూడదు. ఈ పాకం చర్మానికి అంటుకుంటే మరుగుతున్న నీళ్లకంటే ఎక్కువగా కాలుస్తుంది. వానాకాలంలో గాలి తేమకి గంటలోనే జిగటెక్కుతుంది కాబట్టి ఆ పూటే చేసి ఆ పూటే చూపించండి. అప్పుడు ఒక మాట చెప్పండి: గింజ కట్టకుండా గట్టిపడటమే గాజు లక్షణం. చెడిపోయిన పలక పారెయ్యకుండా పక్కనే పెడితే తేడా వాళ్లకే కనబడుతుంది.

ప్రశ్న: గోపాల్‌పూర్ ఇసుకతో గాజు అవుతుందా అని పిల్లలడిగారు. – ఛత్రపురం

జవాబు: అవుతుంది గానీ రంగు లేకుండా రాదు. మీ తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి ఖనిజాలున్నాయి. ఛత్రపురం దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ వాళ్లు తవ్వేది వాటికోసమే. ఇల్మనైట్‌లో ఇనుముంటుంది. వెయ్యింటికి ఒక వంతు ఐరన్ ఆక్సైడ్ ఉన్నా గాజు ఆకుపచ్చగా తేలుతుంది. కిటికీ అద్దాన్ని అంచువైపు నుంచి చూపించండి, అర్థమవుతుంది. గట్టి అయస్కాంతానికి కాగితం చుట్టి పొడి ఇసుకలో తిప్పితే నల్ల రేణువులు పైకి లేస్తాయి. అదే ఒక ప్రయోగం.

ఒట్టి ఇసుక కరగాలంటే 1700 డిగ్రీలు కావాలి. బట్టల సోడా లాంటి సోడా కలిపితే ఆ వేడి తగ్గుతుంది, సున్నం కలిపితే గాజు నీళ్లకి కరగకుండా ఉంటుంది. రంగులకి కోబాల్ట్ నీలం, మాంగనీస్ ఊదా ఇస్తాయి.

ప్రశ్న: చేసిన బొమ్మని వెంటనే బయట పెడితే పగులుతుందట, నిజమా? – రాయగడ

జవాబు: నిజమే. పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలిది తర్వాత చల్లారి కుంచించుకోబోతే పైపొర ఒప్పుకోదు. ఆ లాగుడుకి రోజుల తర్వాతయినా పగలొచ్చు. అందుకే 500 డిగ్రీల దాపు వేడిలో పెట్టి, చిన్న వస్తువునైనా రాత్రంతా మెల్లగా చల్లారుస్తారు. ఇలాంటి లాగుడుని కంటికి చూపించొచ్చు. ల్యాప్‌టాప్‌లో తెల్ల తెర పెట్టి, ముందు పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు పట్టుకుని, పోలరాయిడ్ చలువ కళ్లద్దాల్లోంచి చూడమనండి. అచ్చులో పోసినప్పుడు మిగిలిపోయిన లాగుడు రంగుల చారలై కనబడుతుంది. కనబడకపోతే కళ్లద్దాలు నిలువుగా తిప్పి చూడండి.

ప్రశ్న: చివర్లో పిల్లలంతా కలిసి ఏదైనా చెయ్యొచ్చా? – గుణుపురం

జవాబు: అమెరికన్ శిల్పి డేల్ చిహూలీ గురించి చెప్పి మొదలెట్టండి. 1976లో కారు ప్రమాదంలో ఎడమ కన్ను పోయింది. 1979లో భుజం దెబ్బతిన్నాక గొట్టం జట్టుకి అప్పగించి, తాను బొమ్మలు గీసిచ్చి చేయించాడు. లాస్‌వేగాస్‌లో 1998లో పెట్టిన ఆయన శిల్పంలో ఊదిన పువ్వులే రెండు వేలు దాటి ఉంటాయి. మీకు ముప్పై ఖాళీ నీళ్ల బాటిళ్లు చాలు. మూతి, అడుగు మీరే కోసి ఇవ్వండి. మిగతాదాన్ని రెండు సెంటీమీటర్ల వెడల్పున చుట్టు తిరిగేలా పిల్లలు కత్తిరించి, పర్మనెంట్ మార్కర్లతో రంగు వేస్తారు. రంగు పలచగా వేస్తేనే వెలుతురు దాటుతుంది, చిక్కగా పులిమితే అది గాజని ఎవరూ అనుకోరు. సైకిల్ రిమ్ముకి వైరుతో కట్టి, కిటికీకి దగ్గరగా వేలాడదీయండి.